నాకో డౌట్ ఉందన్నాను

నవంబర్ 12, బుధవారం

ఇవాళ నేను నోరు విప్పాను. గుంటూరులో చదివిన ఇంజనీరింగు ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

క్యాపిటల్ బోర్డులో మొదటిసారి కూర్చున్నాను. ఈ దేశమొచ్చి ఈ ఊరి కౌన్సిల్లో ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ దాని గురించి వింటూనే ఉన్నాను. తీరా చూస్తే పెళ్ళి భోజనాల దగ్గర రెండో బంతికి జరిగే తోపులాటే. బడుల పైకప్పులు, వంతెనలు, బాయిలర్లు, లిఫ్టులు అన్నీ వరసలో నిలబడతాయి. ఎంత అవసరం, ఎంత ప్రమాదం, ఆధారాలు ఎంత గట్టివి అని ఒక్కోదానికీ మార్కులు వేస్తారు. డబ్బు ఎక్కడ అయిపోతే అక్కడ ఒక గీత గీస్తారు. గీత పైనున్నవి ఏడాదిలోపు బాగుపడతాయి. కింద ఉన్నవి మళ్ళీ వరసలో నిలబడాలి.

మా రాచెల్ వాళ్ళ బడి హాలు పైకప్పు గీతకి కాస్త పైనే ఉంది. మా పాప అక్కడే రెండో క్లాసు చదువుతోందని నేను ముందే చెప్పేశాను. అలా చెప్పాలని రూలు. తర్వాత కాగితాలు తిరగేస్తుంటే ఇంజనీరు ఆ కప్పుని ఆగస్టులో, ఇక్కడి ఎండాకాలంలో, చూసి వెళ్ళాడని కనిపించింది. కారే కప్పుని ఎండల్లో చూస్తే ఏం తెలుస్తుంది? వానల్లో ఇంకోసారి చూశారా, సీలింగు తెరిచి దూలాలు చూశారా అని అడగాలనిపించింది. చెయ్యెత్తి, "ఐ హావ్ ఎ డౌట్ ఆన్ దిస్ వన్" అన్నాను. సభ నడిపే చైర్ నా వంక చూసి, "థాంక్యూ, దట్స్ వెరీ హెల్ప్‌ఫుల్" అన్నాడు. పక్కావిడ ఏదో రాసుకుంది. ఈలోగా టైం లేదంటూ తర్వాతి పనికి వెళ్ళిపోయారు. అసలు ప్రశ్న అడగనే లేదు. పర్వాలేదు, మెయిల్ పెడతాను.

వెరీ హెల్ప్‌ఫుల్ అట. నన్నే!

నవంబర్ 13

క్రిస్టఫర్‌కి ముసలివాళ్ళ కేర్ హోంలో మళ్ళీ నైట్ డ్యూటీ. సంతోషం చెప్పుకుందామంటే మొగుడు నిద్రపోతున్నాడు.

నవంబర్ 20, గురువారం

మీటింగులో అన్నవన్నీ రాసిపెట్టిన బోర్డు మినిట్స్ వచ్చాయి.

"ప్రైమరీ స్కూలు హాలు పైకప్పు. ఈ పని అవసరంపై ప్రాజెక్ట్ ఆఫీసరు సందేహం వ్యక్తం చేశారు. ఆమె బిడ్డ అదే బడిలో చదువుతున్నందున ఆ సందేహానికి బోర్డు ప్రత్యేకంగా విలువ ఇచ్చింది. ఆధారాల మార్కు తగ్గించి, వచ్చే ఏడాదికి వాయిదా."

చదివిందే చదివాను. ప్రాజెక్ట్ ఆఫీసరంటే ఎవరబ్బా అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను.

క్లాసులో చెయ్యెత్తి "సార్, డౌట్" అంటే మనకి అర్థం, సార్ ఒకటి అడగాలి అని. డౌట్ అడగని పిల్లని మా లెక్చరర్లు మొద్దు అనేవాళ్ళు. ఇక్కడ డౌట్ ఉంది అంటే నమ్మకం లేదని. అంటే నేను నిండు సభలో, తల్లినని కూడా చెప్పుకుని, నా బిడ్డ బడి పైకప్పు బాగుచెయ్యక్కర్లేదన్నాను. వాళ్ళు థాంక్యూ అన్నారు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు.

డెబ్రాకి చెప్పెయ్యాలి. మా మేనేజరు మంచిదే. రేపు చెబుతాను.

నవంబర్ 21

డెబ్రా లీవులో ఉంది. సోమవారం చెబుతాను.

నవంబర్ 23, ఆదివారం

మన తెలుగు ఫెలోషిప్ కూడేది కూడా ఆ హాల్లోనే. ఆదివారాలు బడి వాళ్ళు అద్దెకిస్తారు. ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసినదాన్ని ఇవాళ కళ్ళు తెరిచి పైకి చూస్తూ కూర్చున్నాను. స్టేజీకి కుడివైపు సీలింగు మీద టీ ఒలికినట్టు మరక. దాని అంచు ముదురుగా ఉంది. ఎండిన మరక అలా ఉండదు.

రోజమ్మ ఆంటీ పాట ఆపి నా వంక చూసింది. "ఏందమ్మా జెస్లినూ, దేవుడు పైనుండాడని ఒకటే పైకి జూస్తన్నావు? కళ్ళు మూసుకున్నా ఇంటాడులే!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవంబర్ 24, సోమవారం

చెప్పలేదు.

డెబ్రా నన్ను చూడగానే, "నీ ప్రొబేషన్ మీటింగు జనవరి నెలాఖరులో పెట్టాను, కంగారు పడకు, అంతా బాగుంది" అంది. నోటిదాకా వచ్చింది మింగేశాను. నా ఉద్యోగం మీద నా వీసా, నా వీసా మీద క్రిస్టఫర్‌దీ రాచెల్‌దీ వీసాలు. ఇంగ్లిష్ ముక్క తిన్నగా మాట్లాడలేక బడి కప్పు పోగొట్టిన మనిషిని ఎవరు ఉంచుకుంటారు?

అయినా ఆ ఇంజనీరు "తక్షణ ప్రమాదం లేదు" అనే రాశాడు. చదువుకున్నవాడు రాసింది. నాకెందుకు అంత భయం?

డిసెంబర్ 1

రాత్రంతా వాన పడింది. పొద్దున రాచెల్‌ని బడిలో దింపి గేటు దగ్గర నిలబడి కప్పు చూశాను. దూరం నుంచి బాగానే ఉంది.

డిసెంబర్ 4

"ఇవాళ పీఈలో ఆటలు ఎక్కడమ్మా ఆడారు?" అని రాచెల్‌ని అడిగాను.

"ఇన్ క్లాస్. దేర్ వాజ్ ఎ బకెట్ ఇన్ ద హాల్."

"బకెట్ ఎందుకు?"

"ఇట్స్ జస్ట్ ఎ బకెట్, మమ్మీ."

డిసెంబర్ 11, గురువారం

బళ్ళో నేటివిటీ ప్లే, యేసు పుట్టిన నాటకం. రాచెల్ గొర్రెపిల్ల. చెవులు నేనే కుట్టాను, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.

గొర్రెపిల్లలన్నిటినీ తెచ్చి స్టేజీకి కుడివైపు కూర్చోబెట్టారు. సరిగ్గా మరక కిందే. హాలు నిండా తల్లులూ తండ్రులూ తాతయ్యలూ, చేతుల్లో ఫోన్లు. మరియమ్మ డైలాగు మర్చిపోతే అందరూ ముద్దుగా నవ్వారు. నాకు నాటకంలో ఒక్క ముక్క వినపడలేదు. పైకి చూడటం, రాచెల్‌ని చూడటం, మళ్ళీ పైకి చూడటం. అది చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. అది లేచి రెండడుగులు పక్కకి వస్తే బాగుండునని దేవుణ్ణి అడిగాను. అడిగాక సిగ్గేసింది. మిగతా గొర్రెపిల్లల కోసం అడగలేదు.

మా వెనక కూర్చున్న కౌన్సిలరు ఎవరితోనో అంటున్నాడు, "ఈ కప్పు ఈ ఏడు చేద్దామనుకున్నాం, మా ఆఫీసర్లే అక్కర్లేదన్నారు" అని. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను స్కార్ఫ్ మొహం మీదికి లాక్కున్నాను.

రేపు తప్పకుండా.

డిసెంబర్ 12

చెప్పలేదు.

డిసెంబర్ 15

డెబ్రాకి మెయిల్ రాశాను. "బోర్డులో నేను అన్న మాట విషయమై" అని మొదలుపెట్టాను. నాలుగుసార్లు తిరగరాశాక అందులో తప్పు నాది కాదు, మినిట్స్ రాసినావిడది అన్నట్టుగా తయారైంది. చెరిపేశాను.

డిసెంబర్ 21, ఆదివారం

ఫెలోషిప్ క్రిస్మస్. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆరాధన అయ్యాక భోజనాలకి బల్లలు వేశారు. బిర్యానీ గిన్నె కుడివైపు బల్ల మీద పెట్టారు. రోజమ్మ ఆంటీ దాని వెనక గరిటె పట్టుకుని నిలబడింది. ఎవరో పిల్లాడు గ్లాసు ఒలకబోస్తే, "ఈడ తడయిందిరా, బల్ల అవతలకి జరపండి" అంది. జరిపారు. పిల్లలు ప్లేట్లు పట్టుకుని వరస కడుతున్నారు. అప్పుడు పైన టప్పుమని ఒక శబ్దం అయింది. తలుపంత సీలింగు పలక, దాని మీద చలి రాకుండా పరిచిన, నానిపోయిన దూది, నల్లటి నీళ్ళు, అన్నీ కలిసి బల్ల ఉన్న చోట పడ్డాయి.

ఎవరికీ ఏమీ కాలేదు. ఒక పాప ఏడ్చింది, అంతే. రోజమ్మ ఆంటీ గరిటె పైకెత్తి, "దేవునికి స్తోత్రం! చూశారా, గ్లాసు ఒలికించింది ఆయనే!" అంది. అందరూ చప్పట్లు కొట్టి స్తుతించారు. నా నోట్లోంచి హల్లెలూయ రాలేదు. సందులోంచి పైకి చూస్తే దూలం కనిపించింది. నల్లగా, మెత్తగా, నానిన బ్రెడ్డులా ఉంది.

బడి మనిషి వచ్చి ఊడ్చి, చుట్టూ నారింజ రంగు కోన్లు పెట్టి, సెలవుల తర్వాత కొత్త పలక వేస్తానన్నాడు. పలక!

ఇంటికొచ్చాక క్రిస్టఫర్‌కి మొత్తం చెప్పేశాను. "ఇప్పుడు చెప్తే ఏమయిద్ది జెస్సీ? ఇన్నాళ్ళు ఎందుకు దాచావంటారు. ప్రొబేషన్ అయ్యేదాకా ఆగు. అందాకా పాపని ఏదో జొరమని నాలుగు రోజులు బడి మానిపిద్దాం" అన్నాడు.

నాకు ఆ మాట బాగా నచ్చింది. అదే భయంగా ఉంది.

డిసెంబర్ 25

ప్రార్థన చేశాం. చికెన్ మాడిపోయింది.

జనవరి 6, మంగళవారం

బడి తెరిచారు. రాచెల్‌కి జ్వరమని బడికి ఫోను చేశాను. మా ఆఫీసులో నేను ఇంటి నుంచే పని అన్నాను. అది సోఫాలో దుప్పటి కప్పుకుని కార్టూన్లు చూస్తోంది, నిక్షేపంలా ఉంది. నుదురు పట్టి చూసుకుని, "బట్ ఐ యామ్ నాట్ ఈవెన్ హాట్, మమ్మీ" అంది.

"ఇవాళ వద్దులే కన్నా."

"ఈజ్ ఇట్ బికాజ్ ద సీలింగ్ ఫెల్ డౌన్?"

దానికి అబద్ధం చెప్పలేకపోయాను. ఊఁ అన్నాను.

అది కాసేపు ఆలోచించింది. "కెన్ జోయా స్టే హోమ్ టూ? షీ సిట్స్ నెక్స్ట్ టు మీ ఎట్ లంచ్."

జోయా అంటే ముందు పళ్ళు రెండూ ఊడిపోయి ఈల వేసినట్టు మాట్లాడే పిల్ల. మా ఇంటికొచ్చి పప్పూ అన్నం అడిగి మరీ తింటుంది. నా పిల్లని దుప్పట్లో దాచుకుని ఆ పిల్లని దూలం కింద కూర్చోబెట్టాను. ఈ మాట రాయడానికే అసహ్యంగా ఉంది.

ఫోను తీసి డెబ్రాకి చేశాను. మధ్యలో ఆగితే మళ్ళీ మింగేస్తానని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. డౌట్ అంటే మా దగ్గర ప్రశ్న అని. ఆ కప్పు మీద నాకెప్పుడూ అనుమానం లేదని, ఎండల్లో చూసిన రిపోర్టు మీదే అడగబోయానని. మినిట్స్ చూశాక కూడా ఊరుకున్నానని. సీలింగు పడ్డప్పుడు దూలం చూశానని.

డెబ్రా మెల్లగా, "ఓ, జెస్లిన్. ప్రశ్నా?" అంది. "నవంబర్లోనే చెప్పి ఉంటే బాగుండేది" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. రేపు పొద్దున్నే ఇంజనీరుని పంపిస్తానని, నన్ను కూడా అక్కడికి రమ్మని చెప్పి పెట్టేసింది.

ఇంజనీరు వచ్చేది రేపు, పిల్లల లంచ్ ఇవాళే ఆ హాల్లో. ఫోను పెట్టాక తట్టింది. మళ్ళీ చేసి, ఇవాళే హాల్లోకి పిల్లల్ని రానివ్వద్దని చెప్పమన్నాను. "చెప్పాను, ఫోను పెట్టగానే బడికే చేశాను" అంది డెబ్రా.

వంటింట్లో కింద కూర్చుండిపోయాను.

జనవరి 7, బుధవారం

ఇంజనీరు నిచ్చెనెక్కి, కోన్ల పైన సీలింగులో తల దూర్చి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి దూలం చివర, గోడలో ఆనే చోట గుచ్చాడు. పిడి దాకా దిగిపోయింది. లాగితే తడి పొట్టు రాలింది. ఆయన ఏమీ అనకుండా దిగి, నిచ్చెన మడిచి, "అందరం బయటికి వెళ్దాం. మెల్లగా" అన్నాడు.

మెల్లగా అన్నాడే, నేను ఆ దూలం వంకే చూస్తూ నిలబడ్డాను. హెడ్ టీచర్ నా చెయ్యి పట్టుకుని నడిపించింది. ఈ కప్పు ఆపించింది నేనేనని ఆమెకి తెలియదు.

హాలు మూసేశారు. తలుపులకి గొలుసు వేశారు.

జనవరి 11, ఆదివారం

ఫెలోషిప్ లేదు. రోజమ్మ ఆంటీ ఫోన్లో ఒకటే గోల. "కౌన్సిలోళ్ళకి దయాదాక్షిణ్యం ఉండాదా? ఒక పలక పడితే హాలు హాలే మూస్తారా? నువ్వు ఆడే గదమ్మా పనిచేసేది, ఒక మాట జెప్పగూడదా?"

"చెప్పింది నేనే ఆంటీ" అన్నాను.

"ఎందుకమ్మా?" అంది ఆంటీ, చిన్న గొంతుతో. స్క్రూడ్రైవర్ సంగతి చెప్పాను. "అయితే మంచి పని జేశావులే. వచ్చే ఆదివారం మా ఇంట్లో కూడదాం. కుర్చీలు మీరే తెచ్చుకోండి" అంది.

జనవరి 14

నిద్ర పట్టింది. ఎన్నాళ్ళకో.

జనవరి 19, సోమవారం

బోర్డుని మళ్ళీ కూర్చోబెట్టారు. ఒక్క విషయమే, హాలు పైకప్పు. పేపరు నాతోనే రాయించింది డెబ్రా. చైర్ చదివి, "అత్యవసరం, సందేహం లేదు" అన్నాడు. నా వంక చూడలేదు. హాలు గీత పైకి వెళ్ళింది. ఈస్టర్ సెలవుల్లో పని మొదలవుతుంది.

ఊపిరి తీసుకున్నాను. అప్పుడు ఫైనాన్సతను లాప్‌టాప్ తిప్పి, "మరి దీనికి చోటిస్తే గీత పైనున్నవాటిలో ఒకటి కిందికి దిగాలి" అన్నాడు.

అదేమిటో నాకు తెలియంది కాదు. కొత్త డబ్బు ఎవరి జేబులోంచీ రాదు. ఉన్న కంచాలే ఉంటాయి, అందులో ఒకటి తీసి మన ముందు పెడతారు. ఎవరి కంచం తీశారో మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు. తెర మీద గీత ఒక వరస పైకి జరిగింది. దాని కింద పడ్డది మిల్ లేన్, ఇళ్ళలోకి వాగు నీళ్ళు రాకుండా ఆపే గట్టు గోడ.

"ఆ గోడ ఇంకో ఏడాది నిలబడుతుంది కదా?" అన్నాడు చైర్. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. నా బిడ్డ కప్పు కోసం వచ్చినదాన్ని, ఇంకొకరి గోడ కోసం ఎలా మాట్లాడను? మాట్లాడితే రెండూ పోతాయేమోనని భయపడ్డాను. మినిట్స్‌లో ఏమీ రాయరు. ఊరుకున్నవాళ్ళ పేర్లు మినిట్స్‌లో ఉండవు.

జనవరి 20

ఇంజనీర్ల గది నుంచి మిల్ లేన్ ఫోటోలు తెప్పించుకున్నాను. గోడలో పగులు ఉంది. చెయ్యి పట్టేంత.

పర్వాలేదు. ఇంకో ఏడాది నిలబడుతుంది.

జనవరి 21

క్రిస్టఫర్‌తో అన్నాను. "ఇంక చాలు జెస్సీ. ఊళ్ళో గోడలన్నీ నువ్వే మోస్తావా ఏంది?" అన్నాడు. నిజమే. ప్రొబేషన్ మీటింగు వచ్చే వారం.

జనవరి 23, శుక్రవారం

లంచ్ టైంలో మిల్ లేన్‌కి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. గోడని చూసి వచ్చేద్దామనుకున్నాను.

వాగు గోడ వెనకే ఉంది, చిన్నదే, గోధుమరంగు నీళ్ళు గట్టిగా పారుతున్నాయి. గోడకి ఇవతల చిన్న చిన్న పాత ఇళ్ళు. పగులు ఫోటోలో కంటే పెద్దది. దాని పక్కనే ఎవరో పెరటి తలుపుకి ఇసక బస్తాలు పేర్చుకున్నారు. అవి చూస్తూ నిలబడితే తలుపు తెరుచుకుంది. ముసలావిడ, ఏప్రాన్ కట్టుకుని ఉంది. నా మెడలో కౌన్సిల్ కార్డు చూసి మొహం విప్పారింది.

"గోడ కోసం వచ్చావా లవ్? రా, లోపలికి రా, చలిగా ఉంది. కెన్! కౌన్సిల్ వాళ్ళు వచ్చారు!"

ఇక్కడి పెద్దవాళ్ళు ఎవరినైనా లవ్ అనే పిలుస్తారు. కాదని చెప్పేలోపే లోపల ఉన్నాను. ముందు గదిలో సోఫా లేదు. హాస్పిటల్ మంచం ఉంది. దాని మీద పొడుగాటి మనిషి, ఆవిడ భర్త కెన్, పడుకుని ఉన్నాడు, ఒకవైపు చెయ్యీ కాలూ కదలవు. కదిలే చెయ్యి ఎత్తి నాకు హలో అన్నాడు. గది గోడలకి ఫోటోలు లేవు, మేకులే ఉన్నాయి. సామాను కొంచెం కొంచెంగా మేడ మీదికి చేరేశానని ఆవిడ చెప్పింది. ఆల్బమ్‌లు, మందులు, పాత రేడియో, అన్నీ.

టీ ఇచ్చింది. పని ఎప్పుడు మొదలుపెడతారని అడిగింది.

ఇంగ్లిష్‌లో ఏ మాట ఎలా వినపడుతుందోనని ఒక్కో మాటా ఏరుకుని చెప్పాను. ఈ ఏడాది కాదండీ అన్నాను. ఈ ఏడాది ఒక బడి కప్పు ముందుకి వచ్చింది, మీ గోడ వచ్చే ఏడాదికి వెళ్ళింది, ఆ బడి మా పాపదే అన్నాను.

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. "పిల్లలు ముందు. అది సబబే" అంది. టీ కప్పు కింద పెట్టి, మంచం వంక చూసి, గది మూల నుంచి పైకి పోయే మెట్ల వంక చూసింది. ఒక మనిషి పక్కకి తిరిగి ఎక్కాల్సినంత ఇరుకు మెట్లు.

"అయితే నీళ్ళొస్తే ఆయన్ని పైకి ఎలా చేర్చాలో ఒకటి చెప్పి వెళ్ళు లవ్" అంది. నిజంగానే అడుగుతోంది. నేను ఇంజనీర్ని కదా.

కెన్ కూడా నా వంకే చూస్తున్నాడు. నేను లేచి వెళ్ళి మెట్ల వెడల్పు జానలతో కొలిచాను. మంచం కొలిచాను. మళ్ళీ మెట్లు కొలిచాను. ఎలా తిప్పినా మంచం ఆ మెట్లకి పట్టదు.

ఆఫీసుకి తిరిగొచ్చేసరికి వాన మొదలైంది.